రబ్బర్ సోల్‌కి బాక్స్ సెట్ ఎప్పుడు?

(2025 డిసెంబర్ 3న హైదరాబాద్‌లో, పాత రికార్డుల శ్రోతల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

1965లో ఇదే తేదీన లండన్‌లో బీటిల్స్ ఆల్బమ్ 'రబ్బర్ సోల్' విడుదలైంది. బీటిల్స్ అంటే జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్, నలుగురి బృందం. అదే రోజు 'డే ట్రిప్పర్', 'వి కెన్ వర్క్ ఇట్ అవుట్' పాటలతో ఒక సింగిల్ కూడా వచ్చింది. ఆల్బమ్‌లో 14, సింగిల్‌లో 2, మొత్తం 16 పాటలు. వీటిలో 'వెయిట్' అనే పాటని అంతకుముందు జూన్‌లోనే మొదలుపెట్టి పక్కన పెట్టారు. మిగిలిన 15 పాటలూ అక్టోబర్ 12 నుంచి నవంబర్ 11 లోపల, ఒక్క నెలలో రికార్డయ్యాయి. క్రిస్మస్ అమ్మకాలకి ఆల్బమ్ కచ్చితంగా అందాలి. అక్టోబర్ 12 నాటికి చేతిలో సరిపడా పాటలు కూడా లేవు. రాసుకుంటూ రికార్డు చేశారు, రికార్డు చేస్తూ రాసుకున్నారు.

ఆ నెల రోజుల టేపులు మన ముందుకు ఇంకా పూర్తిగా రాలేదు. ఈ సాయంత్రం నేను మాట్లాడాలనుకున్నది దాని గురించే.

బాక్స్ సెట్ అంటే ఏమిటో ఇక్కడున్న కుర్రవాళ్ల కోసం రెండు మాటల్లో చెబుతాను. ఒక ఆల్బమ్‌ని కొత్తగా మిక్స్ చేసి, అంటే గొంతులూ వాయిద్యాలూ ఎక్కడ ఎంత వినపడాలో మళ్లీ కూర్చి, దాంతోపాటు స్టూడియోలో మిగిలిపోయిన టేకులు, అంటే పాటని ఒక్కోసారి వాయించి చేసిన రికార్డింగులు, ఇంట్లో పాడుకున్న డెమోలు, పాత మోనో మిక్స్, బొమ్మలూ వివరాలూ ఉన్న పుస్తకం, అన్నీ ఒక పెట్టెలో పెట్టి ఇస్తారు. బీటిల్స్ విషయంలో ఇది 2017లో 'సార్జంట్ పెప్పర్స్'తో మొదలైంది. 2018లో 'వైట్ ఆల్బమ్', 2019లో 'అబీ రోడ్', 2021లో 'లెట్ ఇట్ బి', 2022లో 'రివాల్వర్' వచ్చాయి. ఈ వరుసని చూస్తే ఏమనిపిస్తుంది? 'రివాల్వర్' 1966 నాటిది. దానికి ముందుది 'రబ్బర్ సోల్'. కాబట్టి తర్వాతి వంతు దానిదే అనుకున్నాం. 2023లో రాలేదు. 2024లోనూ రాలేదు. 60 ఏళ్ల సందర్భం కదా, 2025లో వచ్చి తీరుతుందని ప్రపంచమంతటా అభిమానులు లెక్క వేసుకున్నారు.

ఈ ఏడాది వచ్చింది వేరే. రెండు వారాల కిందట, నవంబర్ 21న, 'ఆంథాలజీ' అనే, మిగిలిపోయిన రికార్డింగుల సెట్‌ని మళ్లీ విడుదల చేశారు. 1995, 96ల్లో వచ్చిన మూడు భాగాలకి నాలుగోది కలిపారు. ఆ నాలుగో భాగంలో 36 ట్రాకులుంటే, అంతకుముందు ఎప్పుడూ విడుదల కానివి 13. మిగిలినవాటిలో ఎక్కువ భాగం, నేను ఇందాక చెప్పిన పెట్టెలు కొన్నవాళ్ల దగ్గర ఇప్పటికే ఉన్నాయి. కొత్త శ్రోతకి అది మంచి కానుకే, కాదనను. కానీ ఏళ్లుగా ఎదురుచూస్తున్న వాళ్లకి ఆ 13లోనే ఒక సంగతి కనిపించింది. 'ఇన్ మై లైఫ్' మొదటి టేక్ అందులో ఉంది. 'నోవేర్ మ్యాన్' తొలి రూపం అందులో ఉంది. రెండూ రబ్బర్ సోల్ పాటలే. అంటే ఆ టేపులు తీశారు, విన్నారు, మిక్స్ చేశారు. దారి తెరిచే ఉంది.

ఆల్బమ్‌లో సగం పని అయిపోయిందని కూడా చెప్పవచ్చు. 2023లో '1962-1966' సంకలనాన్ని, అంటే మనం రెడ్ ఆల్బమ్ అని పిలుచుకునేదాన్ని, కొత్త మిక్సులతో తెచ్చారు. రబ్బర్ సోల్ నుంచి ఏడు పాటలు అందులో ఉన్నాయి: 'డ్రైవ్ మై కార్', 'నార్వేజియన్ వుడ్', 'నోవేర్ మ్యాన్', 'మిషెల్', 'గర్ల్', 'ఇన్ మై లైఫ్', 'ఇఫ్ ఐ నీడెడ్ సమ్‌వన్'. సింగిల్‌లోని రెండు పాటలు కూడా ఉన్నాయి. ఇంక మిగిలింది ఏడు పాటలు.

కొత్త మిక్స్ అంత అవసరమా అని అడిగేవాళ్లున్నారు. రబ్బర్ సోల్ విషయంలో అవసరమే. ఎందుకో చెబుతాను. 1965లో ఇంగ్లండులో పాప్ రికార్డులు కొనేవాళ్లలో ఎక్కువమంది మోనోలోనే, అంటే అంతా ఒకే స్పీకర్‌లో కలిపి వినేవాళ్లు. కుడి ఎడమలకి విడదీసి వినిపించేది స్టీరియో. నిర్మాత జార్జ్ మార్టిన్, ఇంజనీర్ నార్మన్ స్మిత్ శ్రద్ధ పెట్టి చేసిందీ మోనో మిక్సే. స్టీరియో చకచకా ముగించేశారు. అందుకే 1965 స్టీరియో మిక్స్‌లో చాలా పాటలకి గొంతులు కుడివైపు, వాయిద్యాలు ఎడమవైపు వినిపిస్తాయి. ఇప్పుడు ఫోన్‌లో ఒక చెవికే ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినేవాళ్లు ఎందరో. ఎడమ చెవికి పెట్టుకుంటే పాడేవాళ్లు ఎక్కడో గోడ అవతల ఉన్నట్టు ఉంటుంది. 1987లో సీడీ కోసం జార్జ్ మార్టినే మళ్లీ మిక్స్ చేసి గొంతుల్ని కొంచెం మధ్యకి జరిపారు. మనం ఇన్నేళ్లుగా సీడీలోనూ స్ట్రీమింగులోనూ వింటున్నది ఎక్కువగా అదే. జాన్, పాల్, జార్జ్‌ల మూడు గొంతులూ ఒకేచోట నిలబడి పాడినట్టు స్టీరియోలో వినాలంటే కొత్త మిక్స్ రావాలి.

అయినా నన్ను అడిగితే, మిక్స్ నాకు రెండో కోరిక. మొదటిది టేపులు.

ఇక్కడ ఒక వాదన ఉంది. దాన్ని తేలిగ్గా తీసెయ్యకూడదు. రబ్బర్ సోల్‌కి మిగిలిపోయిన టేకులు తక్కువ అంటారు. నిజమే. హడావిడిలో చేసిన ఆల్బమ్ అది. 'ఇఫ్ ఐ నీడెడ్ సమ్‌వన్' ఒక్క టేక్‌లో పూర్తయింది. 'డ్రైవ్ మై కార్'కి నాలుగు టేకులు, చివరిది తప్ప మిగతావి మధ్యలో ఆగిపోయినవే. 'వైట్ ఆల్బమ్'లో కొన్ని పాటలకి వందకి చేరువగా టేకులుంటే, ఇక్కడ ఒకటి, రెండు, మహా అయితే నాలుగైదు. కాబట్టి పెట్టె నింపడానికి సరుకు చాలదనేది ఆ వాదన.

నేను దాన్ని ఒప్పుకోను. సరుకు ఎంత ఉందో పేర్లతో సహా చెబుతాను.

మొదట 'నార్వేజియన్ వుడ్'. దీన్ని రెండుసార్లు రికార్డు చేశారు. అక్టోబర్ 12న ఒకసారి, అక్టోబర్ 21న మళ్లీ మొదటినుంచి. మొదటిదాంట్లో సితార్ బరువుగా, పాట మీదికి వచ్చేసినట్టు ఉంటుంది. అది 1996లో ఆంథాలజీ రెండో భాగంలో వచ్చింది. ఈ రెండింటి మధ్య 21వ తేదీన ఇంకా టేకులు తీశారు. సితార్‌ని ఎక్కడ ఉంచాలి, ఎక్కడ తీసెయ్యాలి అని వాళ్లు వెతుక్కున్నది ఆ టేకుల్లోనే. జార్జ్ హారిసన్ అప్పటికి ఎవరి దగ్గరా సితార్ నేర్చుకోలేదు. 'హెల్ప్!' సినిమా షూటింగ్‌లో ఆ వాయిద్యాన్ని చూశాడు, లండన్ ఆక్స్‌ఫర్డ్ వీధిలో ఇండియాక్రాఫ్ట్ అనే దుకాణంలో ఒకటి కొన్నాడు, చెవికి తోచినట్టు వాయించాడు. సితార్ తీగ తెగితే, లండన్‌లో ఏషియన్ మ్యూజిక్ సర్కిల్ అనే సంస్థ నడిపే అయన అంగడి అనే పెద్దమనిషిని సంప్రదించారని చెబుతారు. ఆయనది మన పక్క రాష్ట్రం కర్ణాటక. మరుసటి ఏడాది హారిసన్‌కి రవిశంకర్‌తో పరిచయం కలిగించిందీ ఆ వర్గమే. మన సంగీతం పాశ్చాత్య పాప్ రికార్డులోకి అడుగుపెట్టిన ఆ రెండు రోజుల టేపులు పూర్తిగా వినాలని మనం కోరుకోవడంలో తప్పేముంది? మిగతా దేశాల అభిమానులకన్నా మనకి ఆ చెవి ఎక్కువ. ఎక్కడ మీటు సరిగా పడలేదో, ఎక్కడ శ్రుతి జారిందో మనకి తెలుస్తుంది.

రెండోది 'ఐ యామ్ లుకింగ్ త్రూ యూ'. అక్టోబర్ 24న చేసిన తొలి రూపం ఇప్పుడున్న పాటకి చాలా దూరం. నెమ్మదిగా, చప్పట్లతో, మధ్య చరణం లేకుండా ఉంటుంది. వారాల తేడాతో మళ్లీ చేశారు. పాల్ ఆ మధ్య చరణం ఎప్పుడు కట్టాడో తెలియాలంటే నవంబర్ టేపులు బయటికి రావాలి.

మూడోది '12-బార్ ఒరిజినల్'. నవంబర్ 4న వాయించిన వాద్యగోష్ఠి. పాట కాదు, మాటలు లేవు. ఆరు నిమిషాలకి పైగా ఉంది. ఆంథాలజీలో దాన్ని సగానికి కత్తిరించి ఇచ్చారు. గొప్ప సంగీతమని అనను. కానీ పాటలు చాలక, టైమ్ దగ్గరపడుతూ, నలుగురూ కూర్చుని బ్లూస్ వాయించిన రాత్రి అది. కత్తిరించకుండా ఇవ్వాలి.

నాలుగోది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. నవంబర్ 8న 'థింక్ ఫర్ యువర్‌సెల్ఫ్' పాటకి గొంతులు రిహార్సల్ చేస్తూ ఉండగా జార్జ్ మార్టిన్ టేపు నడవనిచ్చారు. క్రిస్మస్‌కి అభిమానులకి పంపే రికార్డులో పనికొస్తుందేమోనని. జాన్, పాల్, జార్జ్ ముగ్గురూ హార్మనీ తప్పులు దిద్దుకుంటూ, ఒకర్నొకరు ఆటపట్టిస్తూ, మళ్లీ మొదలుపెడుతూ ఉంటారు. అందులో కొన్ని సెకన్లు 'ఎల్లో సబ్‌మరీన్' సినిమాలో వాడారు. మిగిలింది అధికారికంగా రాలేదు. మూడు గొంతుల శ్రుతి ఎలా కుదురుతుందో చూపించే టేపు ఇంతకన్నా ఎక్కడుంది?

ఇంక పొరల సంగతి. అప్పటి స్టూడియోలో నాలుగు ట్రాకుల టేపు మిషన్, అంటే ఒకే టేపు మీద నాలుగు పొరలుగా శబ్దాల్ని విడివిడిగా పట్టేది. నాలుగు ట్రాకులనీ విడివిడిగా వినిపిస్తే చాలు, కొత్త టేకులు అక్కర్లేదు. 'థింక్ ఫర్ యువర్‌సెల్ఫ్'లో పాల్ రెండు బేస్ గిటార్లు వాయించాడు, ఒకటి మామూలుది, ఒకటి ఫజ్ అనే పరికరం పెట్టి గరగరలాడేది. ఆ రెండోదాన్ని ఒంటరిగా వింటే గిటార్ అనుకుంటాం. 'ఇన్ మై లైఫ్' మధ్యలో వచ్చే స్వరం హార్ప్‌సికార్డ్ కాదు. జార్జ్ మార్టిన్ పియానో. అక్టోబర్ 22న టేపుని సగం వేగంలో నడిపించి, ఒక స్థాయి కిందన నెమ్మదిగా వాయించారు. తిరిగి అసలు వేగంలో వేస్తే అది ఆ రూపంలోకి వచ్చింది. ఆయన వాయించిన అసలు వేగంలో ఆ పియానోని నేను వినాలి. ఇది గొంతెమ్మ కోరిక కాదు. 'రివాల్వర్' పెట్టెలో 'రెయిన్' పాటకి సరిగ్గా ఇదే చేశారు. అసలు వాయించిన వేగంలో ఆ పాట ఇచ్చారు. రింగో డ్రమ్స్ ఆ వేగంలో విన్నాక ఆయన్ని తక్కువగా మాట్లాడే ధైర్యం ఎవరికీ ఉండదు.

ఆ పెట్టె గురించి ఇంకో మాట. 'ఎల్లో సబ్‌మరీన్' పిల్లల పాట అని మనందరికీ తెలుసు. పాల్ పాట అనుకుంటాం. 'రివాల్వర్' పెట్టెలో జాన్ ఒంటరిగా గిటార్ పట్టుకుని పాడుకున్న ముక్క ఉంది. తాను పుట్టిన ఊళ్లో ఎవరికీ ఏమీ పట్టలేదని దిగులుగా పాడతాడు. అదే పాట మొదలు! యాభై ఏళ్లకి పైగా ఆ ముక్క మనలాంటి శ్రోతల చెవిన పడలేదు. ఒక బాక్స్ సెట్ చెయ్యాల్సిన పని ఇదీ. అట్ట అందంగా ఉందా, రంగు రికార్డులు ఇచ్చారా అన్నది కాదు నాకు. పాట ఎలా పుట్టిందో అన్నది పది పుస్తకాలు చదివినా అందదు, ఒక్క టేపు వింటే అందుతుంది.

అలాగే 'సార్జంట్ పెప్పర్స్' పెట్టెలో 'వితిన్ యూ వితవుట్ యూ' కోసం భారతీయ వాద్యకారులతో జార్జ్ మాట్లాడుతూ, ఎలా వాయించాలో చెబుతున్న భాగం ఉంది. వాద్యాలు మాత్రమే ఉన్న మొదటి టేక్ కూడా ఉంది. దిల్‌రుబా, తంబూరా విడిగా వినపడతాయి. ఆ వాద్యకారుల పేర్లు అప్పటి రికార్డు అట్ట మీద లేవు. 1966లో 'లవ్ యూ టు' పాటకి తబలా వాయించిన అనిల్ భగవత్ పేరు మాత్రం 'రివాల్వర్' అట్ట మీద వేశారు. పెట్టెతో వచ్చే పుస్తకాలు ఇలాంటి లెక్కలు సరిచెయ్యాలి. పేర్లు పెట్టాలి.

మన పాత తెలుగు సినిమా పాటల్ని తలుచుకుంటే ఈ అవకాశం ఎంత విలువైనదో అర్థమవుతుంది. మద్రాసు స్టూడియోల్లో ఆర్కెస్ట్రా అంతా కూర్చుని వాయిస్తుంటే గాయకులు పాడిన పాటలవి. ఆఖరి రూపం మన చేతికొచ్చింది. దానికి ముందు జరిగిన రిహార్సళ్లు, వదిలేసిన టేకులు వినే యోగం శ్రోతలకి లేదు. ఘంటసాల గారి రికార్డులు వేసిన గ్రామఫోన్ కంపెనీయే, కలకత్తా దగ్గర డమ్‌డమ్ ఫ్యాక్టరీలో మన దేశం కోసం బీటిల్స్ రికార్డులూ వేసింది. అక్కడ లండన్‌లో సెషన్ టేపులు అరల్లో పెట్టి తేదీలు రాసి దాచారు. ఉన్నవి ఉన్నాయి కాబట్టి అడుగుతున్నాం.

దాచారన్నాను గానీ, అన్నీ కాదు. 'లవ్ మి డూ', 'షి లవ్స్ యూ' సెషన్ టేపులు మిగల్లేదు. అప్పట్లో మాస్టర్, అంటే పాట ఆఖరి రూపం, తయారయ్యాక టేపు మళ్లీ వాడుకోవడం మామూలు. 1963 అక్టోబర్ దాకా వాళ్లు రికార్డు చేసింది రెండు ట్రాకుల మీదే. ఒకదాంట్లో గొంతులు, ఒకదాంట్లో వాద్యాలన్నీ. డ్రమ్స్‌నీ గిటార్‌నీ విడదియ్యాలంటే ఎలా? వండిన పులుసులోంచి ఉప్పు తియ్యమన్నట్టే ఉండేది. అందుకే మొదటి ఆల్బమ్‌లకి పెట్టెలు రావని చాలామంది ఆశ వదులుకున్నారు.

ఇప్పుడు ఆ అడ్డు తొలగింది. దర్శకుడు పీటర్ జాక్సన్ బీటిల్స్ మీద 'గెట్ బ్యాక్' సినిమా తీస్తున్నప్పుడు ఆయన బృందం, ఎమీల్ డి లా రే నాయకత్వంలో, కలిసిపోయిన శబ్దాల్ని కంప్యూటర్ చేత గుర్తుపట్టించి విడదీసే పద్ధతి తయారుచేసింది. దాంతోనే 2022లో జార్జ్ మార్టిన్ కొడుకు జైల్స్ మార్టిన్, ఇంజనీర్ శామ్ ఓకెల్ 'రివాల్వర్' మిక్స్ చేశారు. 2023లో 'లవ్ మి డూ'కి స్టీరియో వచ్చిందీ, జాన్ క్యాసెట్ నుంచి గొంతు విడదీసి 'నౌ అండ్ దెన్' పూర్తిచేసిందీ దాంతోనే.

ఇక్కడొకరు చీటీ పంపారు. 'కంప్యూటర్ విడదీసిన గొంతు నిజమైన గొంతేనా?' అని. మంచి ప్రశ్న. విడదీయడం వేరు, లేనిది కల్పించడం వేరు. టేపు మీద ఉన్నది ఉన్నట్టు వేరుచేస్తే నాకు అభ్యంతరం లేదు. లేని గొంతుని పుట్టిస్తే ఆ రికార్డు నేను కొనను. అందుకే పెట్టెలో పాత మోనో మిక్స్ కూడా తప్పకుండా ఉండాలని అడుగుతాను. 2009లో వచ్చిన మోనో సెట్‌లో రబ్బర్ సోల్ మోనోతోపాటు 1965 స్టీరియో కూడా ఇచ్చారు. అది మంచి పద్ధతి. పాతది పక్కనే ఉంటే, కొత్తదాంట్లో ఏం మార్చారో ఎవరైనా పోల్చుకోవచ్చు.

రబ్బర్ సోల్ కాకుండా ఇంకేం కావాలని అడిగితే అభిమానుల జాబితా చాంతాడంత. కొన్నే చెబుతాను. 1967 జనవరి 5న చేసిన 'కార్నివాల్ ఆఫ్ లైట్', దాదాపు 14 నిమిషాల శబ్ద ప్రయోగం. ఆంథాలజీలో పెడదామని పాల్ అడిగితే మిగతావాళ్లు వద్దన్నారు. 2008లో పాల్ మళ్లీ దాని విడుదలకి సమయం వచ్చిందన్నాడు. 2017 పెట్టెలో లేదు. 1968 జులై 18న 'హెల్టర్ స్కెల్టర్' 27 నిమిషాలు వాయించారు. 'వైట్ ఆల్బమ్' పెట్టెలో దాని ముందు టేక్, 12 నిమిషాల చిల్లరది, ఇచ్చి పెద్దది దాచుకున్నారు. 1969 జనవరి 30న మేడ మీద చేసిన కచేరీ 42 నిమిషాలు. 'లెట్ ఇట్ బి' పెట్టెలో పూర్తిగా ఇవ్వలేదు. మూడు నెలలాగి 2022 జనవరిలో స్ట్రీమింగులో మాత్రం పెట్టారు. పెట్టె కొన్నవాళ్లకి ఇది న్యాయంగా అనిపించలేదు, నాకూ అనిపించలేదు. తొలి రోజులవి ఇంకా ఎన్నో ఉన్నాయి. 1963 ఏప్రిల్ 4న స్టో అనే బడిలో చేసిన కచేరీని ఒక విద్యార్థి టేపు చేసుకున్నాడు. ఆ టేపు ఉందని 2023లో బీబీసీ చెప్పేదాకా లోకానికి తెలియదు.

'వైట్ ఆల్బమ్' పెట్టెని మెచ్చుకోకుండా ముందుకు పోలేను. రిషీకేశ్‌లో మహర్షి మహేశ్ యోగి ఆశ్రమంలో కట్టిన పాటల్ని తిరిగెళ్లాక 1968 మే నెలలో ఈషర్‌లోని జార్జ్ ఇంట్లో కూర్చుని పాడుకున్నారు. ఆ 27 డెమోలనీ ఏదీ వదలకుండా ఇచ్చారు. నాలుగు గోడల మధ్య, గిటార్లు, చప్పట్లు. అంతవరకూ ముక్కలు ముక్కలుగా, దొంగ రికార్డుల్లో విన్నవాళ్లకి అది పండగ. నేను అడిగేది ఆ పద్ధతే: ఏరి, కత్తిరించి రుచి చూపించడం కాదు, ఉన్నది ఉన్నట్టు వరుసగా.

అలా ఎవరైనా ఇచ్చారా అంటే, ఇచ్చారు. అమెరికా గాయకుడు బాబ్ డిలన్ 1965, 66 రికార్డింగ్ సెషన్లని 2015లో మూడు రకాలుగా తెచ్చారు. సాధారణ శ్రోతకి రెండు సీడీలు, ఆసక్తి ఉన్నవాళ్లకి ఆరు, అంతా కావాలన్నవాళ్లకి 18. ఆరు సీడీల దాంట్లో ఒక సీడీ మొత్తం 'లైక్ ఎ రోలింగ్ స్టోన్' టేకులే. పాట చేతికి చిక్కడం, మళ్లీ జారిపోవడం వినిపిస్తుంది. అమెరికా బృందం బీచ్ బాయ్స్ 1997లోనే తమ 'పెట్ సౌండ్స్' ఆల్బమ్‌కి గొంతులు మాత్రమే విడిగా ఇచ్చారు. ఆ 'పెట్ సౌండ్స్' పుట్టడానికి ఊపిచ్చింది రబ్బర్ సోలే, అదీ అమెరికాలో వచ్చిన రూపం. అక్కడి కంపెనీ క్యాపిటల్ నాలుగు పాటలు తీసేసి, 'హెల్ప్!' నుంచి రెండు కలిపి 12 పాటలతో వేసింది. బీచ్ బాయ్స్‌కి పాటలు కట్టే బ్రయన్ విల్సన్ విన్నది అదే. పెట్టెలో ఆ అమెరికా రూపానికి కూడా ఒక చోటు కావాలి.

హక్కుల విషయం ఒకటి చెప్పి ముగింపుకి వస్తాను. యూరప్‌లో 2011లో మారిన చట్టంతో రికార్డింగుల హక్కు 50 నుంచి 70 ఏళ్లకి పెరిగింది. కానీ 50 ఏళ్లలోపు విడుదల చెయ్యనివాటికి ఆ పొడిగింపు లేదు. అందుకే 2013 డిసెంబర్‌లో హడావిడిగా 1963 నాటి 59 ట్రాకులు డౌన్‌లోడ్‌గా పెట్టారు. ఏటా ఇలాగే వస్తాయని ఆశపడ్డాం. 1964కి, 1965కి ఏమీ రాలేదు. అంటే చట్టం తొందరపెడితే వస్తాయన్న ఆశ ఇక పెట్టుకోనక్కర్లేదు. వాళ్లంతట వాళ్లు ఇవ్వాలి.

ఆలస్యం నన్ను బాధపెట్టేది ఇక్కడే. పాల్‌కి 83 ఏళ్లు, రింగోకి 85. ఆ గదిలో ఉన్నవాళ్లలో జాన్ లేడు, జార్జ్ లేడు, జార్జ్ మార్టిన్ 2016లో వెళ్లిపోయారు, నార్మన్ స్మిత్ లేరు. ఒక టేపులో ఎవరు ఏం వాయించారో, ఆ నవ్వు ఎందుకు నవ్వారో చెప్పగలిగినవాళ్లు ఇద్దరున్నారు. టేపులు వాళ్ల ముందు పెట్టి అడగాలి, ఆ జవాబులు పుస్తకంలో వెయ్యాలి. 

ధర గురించి కూడా ఒక మాట. ఈ పెట్టెలు మన దగ్గరికి దిగుమతి అయి వచ్చేసరికి ఒక విద్యార్థి కొనగలిగే పరిస్థితి ఉండదు. పాటలు స్ట్రీమింగులో దొరుకుతాయి, నిజమే. పుస్తకం దొరకదు. ఏ తేదీ, ఏ టేక్, ఏ వాద్యం అన్నది ఆ పుస్తకంలోనే ఉంటుంది. దాన్ని విడిగా, తక్కువ ధరకి ఈ-బుక్‌గా ఇవ్వమని కోరుతున్నాను. మనలాంటి శ్రోతలు అలా కొంటారు.

ఇప్పుడు 'నార్వేజియన్ వుడ్' రెండుసార్లు వేస్తాం. మొదట అక్టోబర్ 12ది, తర్వాత అందరికీ తెలిసిన 21ది. మొదటిదాంట్లో సితార్ ఎన్నిచోట్ల గొంతుకి అడ్డొస్తుందో గమనించండి. రెండోదాంట్లో అదే సితార్ గొంతు ఆగిన చోట వచ్చి, మళ్లీ మొదలవగానే తప్పుకుంటుంది. ఈ తొమ్మిది రోజుల్లో ఏం జరిగిందో మీకేమనిపించిందో విన్నాక మాట్లాడుకుందాం. వెంకట్, పాట వెయ్యమ్మా.